బొవేరి లెక్క

మా ఈఈఈ ల్యాబ్‌లో ఒక మూలన పాత స్విచ్‌గేర్ ప్యానెల్ ఉంది. దాని మీద ఎర్ర రంగులో ఏబీబీ అని మూడక్షరాలుంటాయి. మీలో చాలామంది దాని ముందు నిలబడి రీడింగులు రాసుకునుంటారు. నాలాగే పక్కవాడి రికార్డు చూసి దించినోళ్లు కూడా ఉంటారు, అది వేరే సంగతి. ఆ మూడక్షరాల్లో చివరి బీ ఎవరిదో నాకు మొన్న వేసవి సెలవుల దాకా తెలీదు. 1891లో స్విట్జర్లాండ్‌లోని బాడెన్ అనే ఊళ్లో చార్లెస్ బ్రౌన్, వాల్టర్ బొవేరి అనే ఇద్దరు కలిసి కరెంటు యంత్రాలు తయారుచేసే కంపెనీ పెట్టారు. దాని పేరు బ్రౌన్ బొవేరి. 1988లో అది ఒక స్వీడన్ కంపెనీతో కలిసి ఏబీబీ అయింది. ఆ చివరి బీ, బొవేరి.

ఈసారి నేను రాసేది మాత్రం ఆయన గురించి కాదు. ఆయన అన్న థియొడోర్ బొవేరి గురించి. ఇంటర్‌లో బైపీసీ చదివినోళ్లు పేరు వినగానే గుర్తుపడతారు. సట్టన్-బొవేరి క్రోమోజోమ్ సిద్ధాంతం అని పాఠంలో వస్తుంది. ఒక లైను, రెండు పేర్లు, అంతే. మనలాంటి ఎంపీసీ వాళ్లకి ఆ లైను కూడా ఉండదు. తమ్ముడు ఊళ్లకి కరెంటు పంపే పనిలో పడితే, అన్న సముద్రం ఒడ్డున కూర్చుని, ఉమ్మెత్తకాయలా ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ అనే జీవి గుడ్లని లెక్కపెడుతూ బతికాడు.

కరెంటు చదువుకునే నేను ఈ గుడ్ల లెక్కలోకి ఎందుకొచ్చానో ముందు చెప్పాలి.

మాది చిత్తూరు దగ్గర ఐరాల. కాణిపాకం వినాయకుడు మా మండలంలోనే ఉన్నాడు కాబట్టి ఆ గుడి పేరు చెప్తే ఎవరికైనా దారి తెలుస్తుంది. సముద్రం అంటే మాకు సినిమాల్లో చూసేదే. మా తమ్ముడు 2010 జూన్‌లో పుట్టాడు. వాడికి డౌన్ సిండ్రోమ్. ఆ ఏడు జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి పండగ రోజుల్లో, సూర్యగ్రహణం వచ్చింది. అమ్మకి అప్పుడు అయిదో నెల. ఇంట్లో ఇంకెవరూ లేకపోతే అమ్మే బయటికొచ్చి గొడ్లకి నీళ్లు పెట్టిందంట. తమ్ముడు పుట్టినాక ఆ ఒక్క సంగతే అందరూ పట్టుకున్నారు. అమ్మని కన్న అవ్వ కూడా అదే మాట. గ్రహణంలో తిరిగితే బిడ్డ ఇట్లానే పుడతాడని పెళ్లిళ్లలో, పేరంటాల్లో అమ్మ వినని రోజు లేదు. అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఓర్చుకుంటోంది అనుకునేవాణ్ణి. తను కూడా అదే నమ్మిందని తర్వాత తెలిసింది.

మొన్న వేసవిలో ఏదో సర్టిఫికెట్ కోసం బీరువా తీస్తే తమ్ముడి పాత మెడికల్ రిపోర్టు దొరికింది. వాడికి రెండేళ్లప్పుడు తీయించింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నాయన మడిచి లోపల పెట్టేశాడు, ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందులో ఒకే ఒక్క లైను: నలభై ఏడు, ఎక్స్ వై, ప్లస్ ఇరవై ఒకటి. మనిషికి ఉండాల్సినవి నలభై ఆరు. మా వాడికి ఇరవై ఒకటో నంబరు క్రోమోజోము రెండు బదులు మూడున్నాయి. ఒక్కటి ఎక్కువైతే ఏమవుతుంది, ఎందుకవుతుంది, అసలు ఇది మొదట కనిపెట్టిందెవరు అని వెతుక్కుంటూ పోతే ఆ దారి బొవేరి దగ్గరికి తీసుకెళ్లింది.

బ్రాంచి మార్చుకున్న కుర్రాడు

థియొడోర్ బొవేరి 1862 అక్టోబర్ 12న జర్మనీలో, బవేరియా రాజ్యంలోని బాంబెర్గ్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు. నలుగురు అన్నదమ్ముల్లో ఈయన రెండోవాడు. హైస్కూలు న్యూరెంబర్గ్‌లో. చిన్నప్పట్నుంచీ బొమ్మలు బాగా వేసేవాడు, పియానో వాయించేవాడు. తర్వాత మైక్రోస్కోప్ కింద కనిపించిందాన్ని కాగితం మీద దించడానికి ఆ చెయ్యే పనికొచ్చింది. ఆ రోజుల్లో మైక్రోస్కోప్ పనికి చెయ్యే కెమెరా.

1881లో మ్యూనిక్ యూనివర్సిటీలో చేరాడు. చేరింది చరిత్ర, తత్వశాస్త్రం చదవడానికి. ఒక్క సెమిస్టర్ అయ్యాక మనసు మారి అనాటమీ వైపు వచ్చేశాడు. బ్రాంచి మార్చుకుందామా వద్దా అని ఫస్టియర్‌లో తల బద్దలుకొట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. బాగా చదివే పిల్లలకి ఉచితంగా తిండీ వసతీ ఇచ్చే మాక్సిమిలియనేయమ్ అనే సంస్థలో సీటొచ్చింది. 1885లో నరాల తంతువుల మీద డాక్టరేట్ పూర్తిచేశాడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పాఠాలు చెప్పే పని లేకుండా పరిశోధన చేసుకునే ఫెలోషిప్ దొరికింది. దాంతో రిచర్డ్ హెర్ట్‌విగ్ దగ్గర చేరి కణం లోపలికి చూడ్డం మొదలుపెట్టాడు.

అప్పటికి తెలిసింది చాలా తక్కువ. కణం రెండుగా చీలేటప్పుడు కేంద్రకంలో రంగు పట్టే పోగులు కనబడతాయి, చీలిక అయిపోగానే మాయమైపోతాయి. వాటికి క్రోమోజోము అన్న పేరే 1888లో వచ్చింది. అవి ఏం పని చేస్తాయో ఎవరికీ తెలీదు. అన్నీ ఒకటే సరుకు, మాయమైనప్పుడు కరిగిపోయి మళ్లీ కొత్తగా పుడతాయి అని చాలామంది అనుకునేవాళ్లు. మెండెల్ బఠాణీల పేపరు 1866లోనే అచ్చయినా పట్టించుకున్న నాథుడు లేడు.

బొవేరి మొదట పట్టుకున్నది గుర్రం పేగుల్లో ఉండే ఆస్కారిస్ అనే ఏలిక పాము. చూడ్డానికి రోత, కానీ దాని గుడ్లలో క్రోమోజోములు రెండో నాలుగో మాత్రమే ఉంటాయి, అవి కూడా లావుగా. లెక్క తప్పే భయం లేదు. కణం చీలాక ఆ పోగులు ఏ స్థానంలో మాయమయ్యాయో, తర్వాతి చీలికలో అదే స్థానంలో మళ్లీ కనబడుతున్నాయని ఆయన గమనించాడు. అంటే అవి కరిగిపోవడం లేదు. కనబడనప్పుడు కూడా ఉంటున్నాయి. ఒక్కో క్రోమోజోముకి సొంత ఉనికి ఉందని ఆయనకి నమ్మకం కుదిరింది అక్కడే. కణవిభజనలో పోగుల్ని రెండువైపులా లాగే కేంద్రాలకి సెంట్రోసోమ్ అని పేరు పెట్టింది కూడా ఆయనే, ఆ ఏళ్లలోనే.

నేపుల్స్ ఒడ్డున

అప్పట్లో సముద్ర జీవుల మీద పనిచేసేవాళ్లకి ఇటలీలోని నేపుల్స్ ఒక పుణ్యక్షేత్రం. ఆంటన్ డోర్న్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1870ల్లో అక్కడ సముద్రం ఒడ్డునే ఒక పరిశోధనా కేంద్రం కట్టించాడు. రకరకాల దేశాలూ యూనివర్సిటీలూ అక్కడ ఒక్కో బల్ల అద్దెకి తీసుకునేవి. శాస్త్రవేత్త వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంటే, కావాల్సిన జీవిని సముద్రంలోంచి ఫ్రెష్‌గా తెచ్చిచ్చేవాళ్లు.

బొవేరికి కావాల్సింది సీ అర్చిన్. ఎందుకంటే దాని గుడ్లు లక్షల్లో ఉంటాయి, అద్దంలా ఉంటాయి, ఫలదీకరణ తల్లి కడుపులో కాకుండా బయట నీళ్లలో జరుగుతుంది. గాజు గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి, గుడ్లు వేసి, వీర్యం కలిపితే చాలు. రెండు మూడు రోజుల్లో లార్వా తయారు. పిండం ఎక్కడ ఎదుగుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నీ కళ్లముందే.

1889లో అక్కడే ఆయన ఒక ప్రయోగం చేశాడు. గుడ్లని గట్టిగా కుదిపితే ముక్కలవుతాయి. కొన్ని ముక్కల్లో కేంద్రకం ఉండదు. అట్లాంటి ముక్కల్ని వేరే జాతి సీ అర్చిన్ వీర్యంతో కలిపాడు. వచ్చిన లార్వాల్లో కొన్నింటికి అచ్చంగా తండ్రి పోలికలే ఉన్నాయి. అంటే పోలికలు మోసుకొచ్చేది కేంద్రకమే. ఈ ప్రయోగంతో ఆయన పేరు మారుమోగింది. దీని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆ వెంటనే ఆరోగ్యం దెబ్బతింది. ఇన్‌ఫ్లుయెంజా వచ్చి తగ్గింది గానీ మనిషి కోలుకోలేదు. నిస్సత్తువ, దిగులు, పని మీద మనసు నిలవకపోవడం. ఇప్పుడైతే డిప్రెషన్ అనేవాళ్లేమో. కొంతకాలం శానటోరియంలో ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లకే అంత పేరు తెచ్చుకున్నవాడు మైక్రోస్కోప్ ముందు కూర్చోలేకపోయాడు. ఆ తర్వాత జీవితమంతా ఈ జబ్బు వస్తూ పోతూనే ఉంది. పూర్తిగా తగ్గిన రోజు లేదు. దాన్ని పెట్టుకునే పనిచేశాడు.

1893లో, ముప్ఫై ఏళ్లకి, వ్యూర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో జంతుశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. చివరిదాకా అక్కడే. 1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టింది కూడా ఆ యూనివర్సిటీలోనే. వాళ్లిద్దరూ మంచి స్నేహితులు. పిండం మీద ప్రయోగాలతో తర్వాత 1935లో నోబెల్ అందుకున్న హాన్స్ స్పీమన్ ఈయన స్టూడెంటే.

1896లో అమెరికా నుంచి మార్సెల్లా ఓగ్రేడీ అని ఒకామె ఆయన దగ్గర పనిచేయడానికి వచ్చింది. ఎమ్ఐటీలో జీవశాస్త్రం డిగ్రీ తీసుకున్న మొదటి అమ్మాయి ఆమె. అప్పటికే ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది. మరుసటి ఏడు వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత నేపుల్స్ వెళ్లిన ప్రతిసారీ బల్ల దగ్గర ఇద్దరు కూర్చునేవాళ్లు. 1903లో ఆమె సొంత పేరు మీద కూడా సీ అర్చిన్ కణాల గురించి పేపరు వచ్చింది.

చెడిపోయిన గుడ్లు

ఇప్పుడు అసలు విషయం. 1901-02 శీతాకాలంలో నేపుల్స్‌లో జరిగింది.

వీర్యం మరీ ఎక్కువ పోస్తే ఒక్కో గుడ్డులోకి రెండు వీర్యకణాలు దూరిపోతాయి. అట్లాంటి గుడ్డు పాడైపోతుంది. అందరూ దాన్ని పారేసేవాళ్లు. బొవేరి పారేయలేదు. అది ఎట్లా పాడవుతోంది అని చూశాడు.

సీ అర్చిన్ గుడ్డులో 18 క్రోమోజోములు, వీర్యకణంలో 18. కలిస్తే 36. ఇద్దరు తండ్రులైతే 54. మామూలు గుడ్డు రెండుగా చీలితే, ఈ గుడ్డు ఒకేసారి నాలుగుగా చీలుతుంది. ఆ 54 ఎటు పడితే అటు పంచుకోబడతాయి. ఒక కణానికి ఒక రకం రెండు మూడు రావచ్చు, ఇంకో రకం అసలు రాకపోవచ్చు. దాదాపు ఈ గుడ్లన్నీ చచ్చిపోయాయి. అయితే, ఫలదీకరణ అవగానే గుడ్లని కొంచెం కుదిపితే కొన్ని నాలుగు కాకుండా మూడుగా చీలాయి. వాటిలో నూటికి ఎనిమిది దాకా మామూలు లార్వాలయ్యాయి.

ఇక్కడ నాకు చెయ్యి ఊరుకోలేదు. పైథాన్‌లో ఇరవై లైన్ల కోడ్ రాశా. లెక్క సింపులే. 18 రకాలు, ఒక్కో రకానికి మూడు కాపీలు. ఒక్కో కాపీ రెండుగా చీలి రెండు వేరు వేరు కణాల్లోకి పోతుంది. మూడు కణాలుంటే ఒక్కో కాపీ ఒక కణాన్ని వదిలేస్తుంది. మూడు కాపీలూ ఒకే కణాన్ని వదిలేస్తేనే ఆ కణానికి ఆ రకం లేకుండా పోతుంది. అట్లా జరిగే అవకాశం తొమ్మిదింట ఒకటి. అంటే ఒక రకం అన్ని కణాలకీ అందే అవకాశం తొమ్మిదింట ఎనిమిది. 18 రకాలూ అందాలంటే దాన్నే పద్దెనిమిది సార్లు గుణించాలి. నూటికి పన్నెండు వచ్చింది. నాలుగు కణాలకి అదే లెక్క తిప్పితే లక్షకి ఒకటి.

నా లెక్కలో నూటికి పన్నెండు, ఆయన గిన్నెలో నూటికి ఎనిమిది. నా లెక్కలో లక్షకి ఒకటి, ఆయన గిన్నెలో దాదాపు సున్నా. నిజం గుడ్డులో క్రోమోజోములు నా కోడ్‌లో అనుకున్నంత స్వేచ్ఛగా పడవు కాబట్టి ఆ మాత్రం తేడా ఉంటుంది. అయినా హాస్టల్ రూంలో అర్ధరాత్రి ఆ నంబరు స్క్రీన్ మీద కనబడితే ఒళ్లు జలదరించింది. నూట ఇరవై ఏళ్ల కింద ఒక మనిషి గాజు గిన్నెలో చూసింది నా ల్యాప్‌టాప్‌లో మళ్లీ జరిగింది.

ఆయన అక్కడితో ఆగలేదు. సంఖ్య ఎక్కువవడం వల్లే చచ్చిపోతున్నాయి అని ఎవరైనా అనొచ్చు కదా. కానీ తండ్రివి మాత్రమే, అంటే 18 మాత్రమే ఉన్న పిండాలు కూడా బాగానే ఎదుగుతున్నాయని ఆయనకి అప్పటికే తెలుసు. కాబట్టి సమస్య ఎన్ని ఉన్నాయన్నది కాదు. ఇంకో పని చేశాడు. కాల్షియం లేని సముద్రపు నీళ్లలో పెడితే పిండం కణాలు విడివిడిగా ఊడొస్తాయి. మామూలు పిండాన్ని నాలుగుగా విడదీస్తే నాలుగూ చిన్న చిన్న లార్వాలవుతాయి. ఇద్దరు తండ్రుల పిండాన్ని విడదీస్తే నాలుగూ నాలుగు రకాలుగా ఎదిగాయి. ఒకటి కొంతదూరం పోయి ఆగింది, ఒకటి మొదట్లోనే ఆగింది.

దీనికి అర్థం ఒక్కటే. క్రోమోజోములన్నీ ఒకటి కాదు. ఒక్కోదాని పని ఒక్కోటి. లెక్కకి ఎన్నున్నాయన్నది కాదు, ప్రతి రకం ఉండాల్సినట్టు ఉందా లేదా అన్నది ముఖ్యం. 1902లో ఇది అచ్చయింది. అదే సమయంలో అమెరికాలో వాల్టర్ సట్టన్ అనే కుర్రాడు మిడతల కణాలు చూసి, మెండెల్ చెప్పిన కారకాలు క్రోమోజోముల మీదే ఉన్నాయని వేరే దారిలో తేల్చాడు. ఇద్దరి పేర్లూ కలిపి ఇంటర్ పుస్తకంలోకి ఎక్కాయి. సట్టన్ పేపరు చదివితే పది నిమిషాల్లో అర్థమవుతుంది. బొవేరిది అర్థమవ్వాలంటే ఆ చెడిపోయిన గుడ్లన్నింటి పక్కనా కాసేపు కూర్చోవాలి.

చివరి ఏళ్లు

1912 ప్రాంతంలో బెర్లిన్‌లో కొత్తగా కడుతున్న కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థకి డైరెక్టర్‌గా రమ్మని పిలుపొచ్చింది. జర్మనీలో అంతకన్నా పెద్ద ఉద్యోగం ఆ రంగంలో లేదు. ఏ విభాగం ఎట్లా ఉండాలి, ఎవర్ని తీసుకోవాలి అని ప్లాన్లన్నీ వేశాడు. ఒళ్లు సహకరించదని తెలిసి 1913లో వద్దనేశాడు.

1914లో ఒక చిన్న పుస్తకం రాశాడు, క్యాన్సర్ గురించి. ఆయన క్యాన్సర్ డాక్టరు కాదు. గడ్డల మీద ప్రయోగాలూ చేయలేదు. కానీ సీ అర్చిన్ గుడ్లలో క్రోమోజోములు తప్పుగా పంచుకోబడితే ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆ తప్పు మనిషి ఒంట్లో ఒక్క కణంలో జరిగి, ఆ కణం చావకుండా అదుపు తప్పి పెరిగితే అదే క్యాన్సర్ గడ్డ అవుతుందని ఊహించాడు. పెరుగుదలని ఆపే గుణం కొన్ని క్రోమోజోముల్లో ఉంటుందని, అది పోతే కణానికి పగ్గం ఉండదని కూడా రాశాడు. డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని దశాబ్దాలు గడిచాక, ట్యూమర్ సప్రెసర్ జన్యువులు బయటపడ్డాకే ఆ పుస్తకాన్ని మళ్లీ వెతుక్కుని చదివారు.

ఇందాక గుర్తుంచుకోమన్న 1889 ప్రయోగం సంగతి. తనకి పేరు తెచ్చిన ఆ ప్రయోగం మీద ఆయనకే అనుమానం వచ్చింది. కేంద్రకం లేదనుకున్న ముక్కల్లో కొన్నింట్లో నిజానికి కేంద్రకం తాలూకు భాగం మిగిలిందేమో అని. ఒంట్లో బాగాలేని ఆ చివరి ఏళ్లలో మళ్లీ మొదట్నుంచీ చేసి, ఎక్కడ పొరపాటు దూరిందో తనే పట్టుకుని రాశాడు. ఆ పేపరు 1918లో అచ్చయ్యేనాటికి ఆయన లేడు. ఒక ల్యాబ్ రికార్డులో రీడింగు తప్పని తెలిసినా దిద్దకుండా సంతకం చేయించుకున్నవాణ్ణి నేను. ఈ సంగతి చదివి సిగ్గేసింది.

1915 అక్టోబర్ 15న, యాభై మూడో పుట్టినరోజు దాటిన మూడో నాడు, బొవేరి వ్యూర్జ్‌బర్గ్‌లో చనిపోయాడు. బయట మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. తర్వాత మార్సెల్లా అమెరికాకి తిరిగెళ్లి, మళ్లీ పాఠాలు చెప్తూ, ఆ క్యాన్సర్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. 1929లో అది అచ్చయింది.

ఆయన లెక్క ఇప్పుడు ఎక్కడుంది

బొవేరి క్రోమోజోముల్ని లెక్కపెట్టగలిగాడు గానీ వాటి లోపల ఏముందో చూడలేకపోయాడు. 2006లో కాలిఫోర్నియా తీరంలో ఉండే ఊదారంగు సీ అర్చిన్ జీనోమ్ మొత్తం చదివారు. సుమారు 23 వేల జన్యువులు తేలాయి. ఆ తర్వాత ఇంకా చాలా సముద్ర జీవులవి వచ్చాయి. ఈమధ్య జీనోమ్‌ని ముక్కలుగా కాకుండా ఈ చివర నుంచి ఆ చివరదాకా క్రోమోజోము లెక్కన చదవగలుగుతున్నారు. దాంతో ఒక జీవి క్రోమోజోముల్ని ఇంకో జీవి వాటి పక్కన పెట్టి పోల్చడం కుదిరింది.

పోల్చితే తేలింది వింతగా ఉంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం స్పాంజినీ, జెల్లీఫిష్ కుటుంబాన్నీ, ఆంఫియాక్సస్ అనే చేపలాంటి చిన్న జీవినీ, ఇంకా కొన్నిటినీ పక్కపక్కన పెట్టింది. ఏ జన్యువులు కలిసి ఒకే క్రోమోజోము మీద ఉన్నాయో చూస్తే 29 గుంపులు కనిపించాయి. యాభై కోట్ల ఏళ్లకి పైగా ఆ గుంపులు చాలావరకు చెదరలేదు. మన భాషలో చెప్పాలంటే, హాస్టల్లో ఒకే బ్లాకులో రూములు మారుతూనే ఉన్నారు, బ్లాకు మాత్రం మారలేదు. అప్పుడప్పుడు రెండు బ్లాకుల మధ్య గోడ కూలి అందరూ కలిసిపోతారు. కలిసిపోయాక మళ్లీ ఎవరి బ్లాకుకి వాళ్లని పంపడం అసాధ్యం, పెరుగు మళ్లీ పాలు కానట్టే. అందుకే అట్లాంటి కలయికలు ఏ జీవి ఏ జీవికి దగ్గరి చుట్టమో చెప్పే గుర్తులుగా పనికొస్తాయి. 2023లో ఈ పద్ధతితోనే, మిగతా జంతువులన్నిటి కంటే ముందు విడిపోయిన కొమ్మ కోంబ్ జెల్లీలది అని చూపించారు. అన్ని జీవులూ ఇంత పద్ధతిగా ఉండవు. సీ అర్చిన్‌కి చుట్టమే అయిన బ్రిటిల్ స్టార్ ఒకదాంట్లో క్రోమోజోములు బాగా కలగాపులగమై ఉన్నాయి.

ఎందుకు చెదరలేదు అంటే, ఒక కారణం మళ్లీ బొవేరి గిన్నెలోనే ఉంది. క్రోమోజోము ముక్క ఒకటి వేరేదానికి అతుక్కుంటే, తర్వాత గుడ్లూ వీర్యకణాలూ తయారయ్యేటప్పుడు కొన్నింటికి కొంత సరుకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ అవుతుంది. అట్లాంటివి ఎక్కువగా నిలబడవు.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్పాలి. మా తమ్ముడు చెడిపోయిన గుడ్డు కాదు. వాడికి పదిహేనేళ్లు. కోడిపెట్టలన్నిటికీ పేర్లు పెట్టాడు, క్రికెట్లో నేను అవుటైతే నాకన్నా ముందే చెయ్యెత్తుతాడు. మనిషి క్రోమోజోముల్లో చాలావాటికి అదనంగా ఇంకొకటి ఉంటే బిడ్డ పుట్టకముందే పోతుంది. ఇరవై ఒకటో నంబరు చాలా చిన్నది, అందుకే వాడు మా మధ్య ఉన్నాడు. మనిషికి నలభై ఆరు అని సరిగ్గా లెక్క తేలిందే 1956లో. డౌన్ సిండ్రోమ్‌లో నలభై ఏడున్నాయని పారిస్‌లో తేల్చింది 1959లో. బొవేరి చనిపోయి అప్పటికి నలభై నాలుగేళ్లు.

ఆ అదనపు క్రోమోజోము ఎక్కువమందిలో తల్లి గుడ్డు తయారయ్యేటప్పుడే వస్తుంది. వయసుతోపాటు అవకాశం పెరుగుతుంది, కానీ ఏ వయసులోనైనా జరగొచ్చు. ఎవరో ఏదో చేసినందుకు జరగదు. పైగా ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె గుడ్ల విభజన మొదలై మధ్యలో ఆగి ఉంటుంది. గ్రహణం నాటికి తమ్ముడి లెక్క ఎప్పుడో అయిపోయింది.

ఇదంతా మొన్న సెలవుల్లో వసారాలో కూర్చుని అమ్మకీ అవ్వకీ చెప్పా. పలక మీద గీతలు గీసి, చింతగింజలు పంచి చూపించా. అవ్వ చాలాసేపు గింజల వైపే చూసి, అట్లయితే నా కడుపులో ఉన్నప్పుడే మొదలయిందంటావు, మరి తప్పు నాదా అని అడిగింది. ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కాదవ్వా అన్నాను. గింజలు మళ్లీ కలిపి అవ్వ చేతికే ఇచ్చి పంచమన్నాను. మూడుసార్లు పంచింది. మూడుసార్లూ వేరువేరుగా పడ్డాయి. ఎవరూ ఏమీ చెయ్యలేదు, పడ్డమే అట్లా పడింది అని చెప్పా. అమ్మ లేచి లోపలికి పోయింది. కాసేపటికి కాఫీ తెచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత సెప్టెంబర్ 7న, ఆదివారం రాత్రి, చంద్రగ్రహణం వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నా. అవ్వ తొందరగా అన్నం తినేసి తలుపేసుకుని పడుకుంది. అమ్మ పదకొండు దాటాక తమ్ముణ్ణి లేపి, చెయ్యి పట్టుకుని మిద్దె మీదకి వచ్చింది. మబ్బుల మధ్యలోంచి చందమామ ఇటుక రంగులో కనబడింది. తమ్ముడు వేలు పెట్టి చూపిస్తా ఉన్నాడు. కింద నుంచి అవ్వ ఒకసారి అమ్మని పేరు పెట్టి పిలిచింది. మిద్దె మీద ఉండాం అని అమ్మ చెప్పింది. అవ్వ ఇంకేమీ అనలేదు.